హెచ్‌ఐవీకి కొత్త నేరం అడిగే ముందు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల మహిళా సంఘాలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల మహిళా సంఘాల అక్కలకు, చెల్లెళ్లకు, సమాఖ్యల నాయకురాళ్లకు,

నమస్కారం.

భార్యకు హెచ్‌ఐవీ అంటించిన భర్తను జైలుకు పంపే ప్రత్యేక చట్టం కావాలని మీలో చాలామంది అడుగుతున్నారు. మన రెండు జిల్లాల్లో ఏ ఊళ్లో ఇలాంటి సంగతి బయటపడినా, సమావేశంలో ఎవరో ఒకరు లేచి ఈ మాటే అంటారు. దాని వెనుక ఉన్న కోపం నాకు తెలుసు. ఆ కోపంలో నాకూ వాటా ఉంది. అయినా ఆ చట్టం అడగవద్దని మిమ్మల్ని వేడుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో, కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. నా పేరు గానీ, కేంద్రం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. రాస్తే నా ఎదుట ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లెవరో ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఇందులో చెప్పే మనుషుల ఆనవాళ్లు కూడా మార్చాను. జరిగిన విషయాన్ని మాత్రం మార్చలేదు.

చట్టం మీద నమ్మకం లేని జిల్లాలు కావు మనవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ల నోట ఆ ఊరి పేరు, ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు జిల్లా అంతా పాకాయి. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమం వేళ్లూనుకున్నది కూడా ఆ ఐకమత్యంలోనే. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు మీ సంఘాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను అడగండి, అప్పుడు ప్రభుత్వాన్ని కోరింది ఏమిటని. సారా వేలంపాటలు ఆపమన్నారు, దుకాణం ఊళ్లో ఉండకూడదన్నారు. తాగి వచ్చిన ప్రతి భర్తనూ జైల్లో పెట్టమని అడగలేదు. అతను జైలుకు పోతే ఇంట్లోకి కూలి డబ్బు ఎలా వస్తుందో, బెయిలు కోసం ఎవరి కాళ్లు పట్టుకోవాలో వాళ్లకు తెలుసు. కొంపలు కూల్చేది ఎక్కడి నుంచి వస్తోందో అక్కడే దెబ్బకొట్టారు. హెచ్‌ఐవీ విషయంలోనూ ఆ చూపే కావాలి.

మీరు అడిగే చట్టం ఎవరిని పట్టుకుంటుందో ఒకసారి నిదానంగా ఆలోచించండి. ‘తనకు ఉందని తెలిసి కూడా’ ఇంకొకరికి అంటించిన వాళ్లను. తెలియకుండా అంటించిన వాళ్లను శిక్షించాలని మీరెవరూ అనరు. మరి తెలుసని పోలీసులు ఎలా రుజువు చేస్తారు? పరీక్ష కాగితంతో. ఆ కాగితం మన ఇళ్లలో ముందుగా ఎవరి పేరు మీద వస్తుంది?

ఆడపిల్ల నెల తప్పగానే ఏఎన్ఎం ఆరోగ్య కేంద్రానికి తీసుకెళుతుంది. రక్తం శాతం, షుగరు, సిఫిలిస్, వాటితోపాటు హెచ్‌ఐవీ పరీక్ష. మంచి పద్ధతి, ఎన్నో వేల మంది బిడ్డలను కాపాడిన పద్ధతి. మగవాడికి ఇలాంటి పరీక్ష జీవితంలో ఎప్పుడూ తగలదు. అతను కనిగిరి, పామూరు వైపు నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో తాపీ పనికి వెళ్లి ఉంటాడు. చెన్నై, కోల్‌కతా హైవే మీద లారీ నడుపుతుంటాడు. చీమకుర్తి క్వారీలోనో రొయ్యల చెరువుల మీదో పనిలో ఉంటాడు. టీబీ వస్తేనో, ఆపరేషన్ పడితేనో తప్ప అతని రక్తం ఎవరూ తీయరు. కాబట్టి వైరస్ ఇంట్లోకి ఏ దారిన వచ్చినా, ఇంట్లో మొదటి కాగితం భార్య పేరు మీదే ఉంటుంది. చట్టం దృష్టిలో మొదట ‘తెలిసిన మనిషి’ ఆమే అవుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఇరవై నిండీ నిండని వయసు, అయిదో నెల. అత్తగారితో వచ్చింది. అత్తగారిని బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి సంగతి చెప్పాను. మొదట అడిగింది, ‘బిడ్డకు వస్తుందా మేడమ్?’ అని. మందులు వాడితే చాలావరకు రాకుండా ఆపవచ్చని చెప్పాక కొంచెం తెరిపిన పడింది. తర్వాత, ‘మా అత్తకు చెప్పకండి. మా ఆయనకు కూడా ఇప్పుడే చెప్పకండి’ అంది. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. పెళ్లికి ముందు కూడా ఏళ్ల తరబడి అక్కడే. కొన్ని వారాలకు ధైర్యం చేసి ఫోనులో చెప్పింది. నువ్వు కూడా పరీక్ష చేయించుకో అంది. ‘నాకు ఏ జబ్బూ లేదు, నీకు ఎలా వచ్చిందో నువ్వే చెప్పు’ అన్నాడు. ఆ మాట ఇంట్లో తెలిసింది. మావాడు ఉక్కులాంటి మనిషి, ఇది పుట్టింటి నుంచి మోసుకొచ్చింది అని అత్తగారు తేల్చేసింది.

ఆ పిల్ల మాత్రల సీసా మీద కాగితం గోటితో గీకేసేది. నడుస్తుంటే మాత్రలు గలగలమనకుండా లోపల దూది కుక్కేది. కందిపప్పు డబ్బా అడుగున దాచుకునేది. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. కాన్పయింది. బిడ్డకు మొదటి వారాల్లో పోయాల్సిన సిరప్ పోసింది. పద్దెనిమిది నెలలకు చేసే చివరి పరీక్షలో బిడ్డకు నెగెటివ్ అని వచ్చింది. ఆ కాగితం చదివి వినిపించిన ఆనందం నా ఉద్యోగంలో మరే రోజూ లేదు.

భర్త ఆ తర్వాత చాలా కాలానికి, దగ్గు తగ్గక, మనిషి సగమయ్యాక పరీక్షకు వచ్చాడు. అతని సీడీ4 లెక్క, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల సంఖ్య, చూసిన డాక్టరుకు, ఆ వైరస్ అతని ఒంట్లో ఎప్పటి నుంచో ఉందని అనుమానం రాక తప్పదు. అది డాక్టరు అనుమానం మాత్రమే. కోర్టుకు అది రుజువు కాదు. కోర్టు ముందు పెట్టగలిగినవి రెండు కాగితాలు, రెండు తేదీలు. భార్యది ముందు, భర్తది తర్వాత. మీరు కోరే చట్టం ఆ రోజుకే ఉండి, అత్తగారు స్టేషన్‌కు వెళ్లి ఉంటే ముద్దాయి ఎవరో, బాధితుడు ఎవరో మీరే చెప్పండి.

ఇందుకే 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలో ఒక జాగ్రత్త పెట్టారు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలోని 10వ సెక్షన్, తనకు హెచ్‌ఐవీ ఉందని, అది ఎలా వ్యాపిస్తుందో తెలిసిన ప్రతి మనిషీ ఇతరులకు సోకకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలని చెబుతుంది. ప్రమాదాన్ని తగ్గించే పద్ధతి పాటించడం గానీ, కలయికకు ముందే సంగతి చెప్పడం గానీ అందులోకి వస్తాయి. అది బాధ్యత. దానికి జైలు శిక్ష పెట్టలేదు. పైగా స్త్రీ విషయంలో, అలా చెప్పినందుకు ఆమెను కొడతారనో ఇంట్లోంచి వెళ్లగొడతారనో సహేతుకమైన భయం ఉంటే ఆ బాధ్యత ఆమెకు వర్తించదని స్పష్టంగా రాశారు. 9వ సెక్షన్‌లోనూ అంతే. భాగస్వామికి గట్టి ప్రమాదం ఉండి, ఆ మనిషి తానుగా చెప్పడని నమ్మకం కుదిరితే, ముందుగా ఆ మనిషికి తెలియజేసి, డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ భాగస్వామికి స్వయంగా చెప్పవచ్చు. చెబితే స్త్రీకి హాని జరిగే పరిస్థితి ఉంటే చెప్పకూడదు. ఈ మినహాయింపులు రాసిన వాళ్లకు మన ఇళ్లలో ఏం జరుగుతుందో తెలుసు. కొత్త నేరం వస్తే మొదట ఎగిరిపోయేది ఈ రక్షణే.

ఇప్పుడు మీరు వేసే ప్రశ్న నాకు వినిపిస్తూనే ఉంది. తనకు ఉందని నిక్షేపంగా తెలిసి, దాచిపెట్టి పెళ్లి చేసుకుని, మందులు కూడా వాడకుండా అమాయకురాలి బతుకు నాశనం చేసిన వాడి మాటేమిటి? వాడిని వదిలేయాలా?

వదిలేయమని నేను అనను. అలాంటి మనిషి భార్య ఒకామె నా ముందు కూర్చుని బల్ల మీద చేత్తో కొట్టి మరీ ఏడ్చింది. పెళ్లికి రెండేళ్ల ముందే అతనికి తెలుసు. ఎవరూ గుర్తుపట్టని దూరపు ఊళ్లో పేరు రాయించుకుని కొన్నాళ్లు మందులు తెచ్చుకున్నాడు. పెళ్లి కుదరగానే మానేశాడు. ఆమెకు ఎయిడ్స్ అంటే ఏమిటో కూడా సరిగా తెలియని వయసు. ‘వీడికి శిక్ష లేదా?’ అని అడిగింది.

ఉంది. ప్రాణాంతక వ్యాధి వ్యాపించే పనిని నిర్లక్ష్యంగా చేసినా, దురుద్దేశంతో చేసినా శిక్ష అని బ్రిటిషు కాలం నుంచి భారత శిక్షాస్మృతిలో 269, 270 సెక్షన్లు ఉన్నాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అవే 271, 272 అయ్యాయి. మొదటి దానికి ఆరు నెలల వరకు, రెండో దానికి రెండేళ్ల వరకు జైలు. మోసం కింద వేరే సెక్షన్లు ఉన్నాయి. వాస్తవం దాచి చేసుకున్న పెళ్లిని రద్దు చేయమని అడిగే హక్కు హిందూ వివాహ చట్టంలోనే ఉంది, అయితే మోసం బయటపడిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. భరణం ఉంది. 2005 నాటి గృహహింస చట్టం ఉంది. చిన్నపిల్లల మీద లైంగిక దాడి చేసి హెచ్‌ఐవీ అంటించిన వాడి నేరాన్ని పోక్సో చట్టం మరింత తీవ్రమైనదిగా లెక్కగడుతుంది. అది అలా ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. ఉద్దేశపూర్వకంగా హాని తలపెట్టి, ఆ హాని చేసినవాడిని పట్టుకోవడానికి ఉన్న సెక్షన్లు చాలు. హెచ్‌ఐవీ పేరు పెట్టి మరొకటి తెస్తే, అది ఆ ఒక్కడితో ఆగదు. పాజిటివ్ అని రాసిన పరీక్ష చీటీ చేతిలో ఉన్న ప్రతి మనిషి మీదా వేలాడుతుంది.

బల్ల కొట్టి ఏడ్చిన ఆ అమ్మాయికి అసలు ఏం కావాలో తర్వాత రోజుల్లో తెలిసింది. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు తిరిగి రావాలి. ఉండటానికి ఒక గది, బతకడానికి నెల నెలా ఏదో ఒక ఆధారం కావాలి. తాను తప్పు చేయలేదని రెండు ఊళ్లకూ తెలియాలి. జైలు ఆమె జాబితాలో చివరికి వెళ్లిపోయింది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉందని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీ సంఘాలు చెప్పాల్సిన మాట అది. కొత్త చట్టం కోసం ధర్నా చేయడం కంటే, ఒక్క మనిషి చెయ్యి పట్టుకుని ఆ ఆఫీసు మెట్లు ఎక్కించడం ఎక్కువ పని చేస్తుంది.

ఇక రుజువు సంగతి. ఇది కోర్టులో గెలవడానికి ఎంత కష్టమో చాలామందికి తెలియదు. హెచ్‌ఐవీ సోకిన తర్వాత ఎనిమిది, పదేళ్ల దాకా పైకి ఏ లక్షణమూ లేకుండా మనిషి మామూలుగా తిరగవచ్చు. పరీక్ష జరిగిన తేదీ వైరస్ వచ్చిన తేదీ కాదు. ఇద్దరి వైరస్‌నూ పోల్చి చూసే పెద్ద పరీక్షలు ఉన్నాయి. వాటితో ఈ ఇద్దరి మధ్య సంబంధం లేదని చెప్పడం సులువు. ఇతని నుంచే ఆమెకు వచ్చిందని, ఆమె నుంచి ఇతనికి కాదని, మధ్యలో మరో మనిషి లేడని ఆ పరీక్ష ఒక్కటే నిర్ధారించలేదు. ప్రపంచంలో పేరున్న 20 మంది హెచ్‌ఐవీ శాస్త్రవేత్తలు 2018లో కోర్టుల కోసమే ఒక ఉమ్మడి ప్రకటన రాసి ఈ విషయం చెప్పారు. వైరస్‌ను కనుగొన్నందుకు నోబెల్ అందుకున్న ఫ్రాన్స్వాజ్ బారే సినూసీ అందులో ఒకరు. మరి మన మేజిస్ట్రేటు కోర్టులో ఏం మిగులుతుంది? ఇరుపక్షాల లాయర్లు ఆమె నడవడిక మీద అడిగే ప్రశ్నలు మిగులుతాయి. పెళ్లికి ముందు ఎవరితో మాట్లాడావు, కూలికి ఏ ఊరు వెళ్లావు, సెల్‌ఫోన్‌లో ఈ నంబరు ఎవరిది అని. ఆ బోనులో నిలబడిన మనిషి ఫిర్యాది అయినా సరే, ముద్దాయిలాగే ఇంటికి వెళుతుంది.

భయంతో బంధించి వ్యాధిని ఆపగలమా అన్నది మన దేశం ఇదివరకే చూసింది. 1986లో మన పక్కనే ఉన్న చెన్నైలో డాక్టర్ సునీతి సోలోమన్ బృందం దేశంలో మొదటి కేసులను గుర్తించింది. ఆ మొదటివాళ్లు వ్యభిచార వృత్తిలో ఉన్న స్త్రీలు. ఆ తర్వాతి ఏళ్లలో తమిళనాడులో పాజిటివ్ వచ్చిన అలాంటి స్త్రీలను శిక్షాకాలం అయిపోయినా నిర్బంధంలోనే ఉంచారు. 1990లో మద్రాసు హైకోర్టు చెబితే గానీ వాళ్లు బయటకు రాలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లిన మగవాళ్లను ఎవరూ వెతకలేదు. గోవాలో 1989లో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. ఆ రక్తంలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. పోలీసులు పట్టుకెళ్లి 64 రోజులు ఒంటరిగా బంధించారు. రక్తం ఇవ్వడానికి వెళ్లి ఉండకపోతే అతను స్వేచ్ఛగానే తిరిగేవాడు. పరీక్షకు ముందుకొచ్చిన వాళ్లే దొరికిపోతారని ఆ రోజుల్లో జనానికి అర్థమైంది. మళ్లీ అదే పాఠం మనం నేర్పుదామా?

మలావీ అనే ఆఫ్రికా దేశంలో జరిగినది చదివితే నాకు మాత్రల సీసా పప్పు డబ్బాలో దాచుకున్న ఆ అమ్మాయే గుర్తొచ్చింది. అక్కడ ఒక తల్లి తన చంటిబిడ్డతో ఊరి సమావేశంలో కూర్చుంది. ఇంకొకరి బిడ్డ ఆమె ఒడిలో ఉన్నప్పుడు ఆమె పాలు తాగింది. ఆమెకు హెచ్‌ఐవీ ఉంది, మందులు వాడుతోంది. ఆ బిడ్డకు సోకలేదు. అయినా 2016లో ఆమెకు తొమ్మిది నెలల కఠిన శిక్ష వేశారు. ఏ సెక్షన్ కింద అనుకున్నారు? మన 269 సెక్షన్‌కు తోబుట్టువు లాంటిది, బ్రిటిషువాళ్లు అక్కడ వదిలివెళ్లినది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. కానీ అప్పటికి ఆమె సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది. సియెర్రా లియోన్ 2007లో చేసిన చట్టంలో కడుపులో బిడ్డకు తల్లి నుంచి సోకడాన్ని కూడా నేరంలో కలిపేసింది, తర్వాత సవరించుకోవాల్సి వచ్చింది. జింబాబ్వే తన హెచ్‌ఐవీ నేరం సెక్షన్‌ను 2022లో రద్దు చేసుకుంది. ఇతర దేశాలు తెచ్చి, చూసి, తీసేసుకుంటున్న దాన్ని మనం కొత్తగా అడగడం ఎందుకు?

మన సుప్రీంకోర్టు కూడా ఈ దారిలో కొంత దూరం వెళ్లి వెనక్కి వచ్చింది. 1998లో ఒక కేసులో, హెచ్‌ఐవీ ఉన్న మనిషికి పెళ్లి చేసుకునే హక్కు నిలిచిపోతుందని, చేసుకుంటే ముందు చెప్పిన 269, 270 సెక్షన్ల కింద నేరం కావచ్చని అంది. 2002లో ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, పెళ్లి గురించి ఆ వ్యాఖ్యలు అనవసరమని తేల్చారు. ఈరోజు తెలిసి, చెప్పుకుని, ఒప్పుకుని పెళ్లాడిన జంటలు మన జిల్లాల్లో ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఆరోగ్యంగా బడికి వెళుతున్నారు.

వాళ్లు అలా ఉండటానికి కారణం మందు. ఈ ముక్క మీకు ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు, అందుకే కొంచెం ఆగి చెబుతాను. 2004లో ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో సీడీ4 బాగా పడిపోయినవాళ్లకే ఇచ్చేవారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర. క్రమం తప్పకుండా వాడితే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకని స్థాయికి పడిపోతుంది. ఆ స్థాయిలో ఉన్నంతకాలం ఆ మనిషి నుంచి లైంగికంగా భాగస్వామికి వైరస్ సోకదు. ఇది ఊరటకు చెప్పే మాట కాదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటల మీద జరిగిన పెద్ద పరిశోధన 2011లోనే ముందుగా మందులు మొదలుపెడితే సోకడం 96 శాతం తగ్గిందని చూపింది. అందులో చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నారు. యూరప్‌లో 2016, 2019లలో వెలువడిన పరిశోధనల్లో, వైరస్ అణిగి ఉన్న భాగస్వామితో వేల సార్లు కండోమ్ లేకుండా కలిసినా ఆ భాగస్వామి నుంచి ఒక్కరికీ రాలేదు.

అంటే అంటుకోకుండా ఆపే పని చేస్తున్నది పరీక్ష, మాత్ర. పరీక్షకు రాని మగవాడి నుంచే మన ఆడపిల్లలకు ప్రమాదం. దేశంలో సుమారు 25 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంటే, దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆ సంగతే తెలియదు. మన రాష్ట్రంలో 3 లక్షలకు పైగా ఉన్నారు, మహారాష్ట్ర తర్వాత మనదే పెద్ద సంఖ్య. ఇప్పుడు మీరు అడిగే చట్టం వచ్చిందనుకోండి. బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన మగవాడికి అతని స్నేహితుడు ఏం సలహా ఇస్తాడు? ‘పరీక్షకు వెళ్లకు, వెళితే కేసులో ఇరుక్కుంటావు. తెలియకపోతే నేరమే లేదు’ అంటాడు. చట్టప్రకారం ఆ సలహా సరైనదే అవుతుంది. తెలుసుకోని వాడికి రక్షణ, తెలుసుకుని మందు వాడేవాడికి భయం. ఇలాంటి ఏర్పాటు వల్ల లాభపడేది వైరస్ ఒక్కటే.

కౌన్సెలర్ ముందు మనుషులు నోరు విప్పేది ఆ మాటలు గది దాటవని నమ్మి. ఎవరెవరితో ఉన్నారో, ఎప్పటి నుంచో, భార్యకు ఎందుకు చెప్పలేకపోతున్నారో అన్నీ చెబుతారు. ఆ మాటల వల్లే భార్యను, మరో భాగస్వామిని పిలిపించి పరీక్ష చేయగలుగుతాం. ఆ రిజిస్టరు రేపు పోలీసులు అడిగే సాక్ష్యం అవుతుందంటే ఎవరు చెబుతారు?

మరేం అడగాలి అంటారా? నాకు తోచింది చెబుతాను.

భార్య గర్భవతిగా పరీక్షకు వచ్చిన రోజే, లేదా ఆ వారంలోనే, భర్తకు కూడా పరీక్ష జరిగేలా ఒత్తిడి తెండి. బలవంతం వద్దు, 2017 చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. కానీ పిలుపు, సౌకర్యం, ఊరి పెద్దల మాట ఇవన్నీ ఉండాలి. ఇద్దరికీ ఒకేసారి కాగితం వస్తే, ‘నువ్వే తెచ్చావు’ అనే అత్తగారి వాదానికి సగం బలం పోతుంది. వలస వెళ్లిన మగవాళ్లు సంక్రాంతికి ఊళ్లకు వస్తారు. పరీక్ష చేసే బండి ఆ వారం రోజులు ఊళ్లో ఉండాలి, వాళ్లు రైలెక్కి వెళ్లిపోయాక ఫిబ్రవరిలో కాదు. క్వారీల దగ్గర, చెరువుల దగ్గర, లారీలు ఆగే చోట్ల సాయంత్రం పూట పరీక్ష ఉండాలి. పగలు కూలి పోగొట్టుకుని ఎవరూ రారు.

2017 చట్టాన్ని అమలు చేయమని కలెక్టర్లను నిలదీయండి. ఆసుపత్రిలో పాజిటివ్ అని తెలియగానే కాన్పు చేయకుండా ‘పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని పంపేయడం ఆ చట్టం ప్రకారం వివక్ష. పని నుంచి తీసేయడం, అద్దె ఇల్లు ఖాళీ చేయించడం, బడిలో పిల్లవాడిని వేరుగా కూర్చోబెట్టడం కూడా అంతే. ఫిర్యాదులు తీసుకునే అధికారి ఆసుపత్రుల్లో ఉండాలి, రాష్ట్రంలో ఆ చట్టం ఉల్లంఘనల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉండాలి. మీలో ఎవరైనా ఆ అధికారి పేరు రాసిన బోర్డు చూశారా? కుటుంబమంతా ఉండే ఇంట్లోంచి హెచ్‌ఐవీ ఉన్న స్త్రీని వెళ్లగొట్టకూడదని కూడా ఆ చట్టం చెబుతుంది. అత్తింటివాళ్లు సామాన్లు వీధిలో పడేసిన రోజు ఆ మాట గట్టిగా చెప్పేవాళ్లు పది మంది ఆ గుమ్మం ముందు నిలబడితే, ఏ కొత్త శిక్షాచట్టమూ ఇవ్వలేని బలం ఆ పిల్లకు వస్తుంది. ఆ పది మంది మీ సంఘంలో ఉన్నారు. కేసు గనుక కోర్టుకు వెళ్లాల్సి వస్తే, పేరు బయటపెట్టకుండా మారుపేరుతో విచారణ జరపమని అడిగే వీలు ఆ చట్టంలో ఉంది. చాలామంది లాయర్లకు కూడా ఇది గుర్తుండదు, గుర్తుచేయండి.

మోసపోయిన అక్కచెల్లెళ్ల తరఫున మీరు మాట్లాడకపోతే మాట్లాడేవాళ్లు లేరని నాకు తెలుసు. వాళ్లలో కొందరు ఈ లేఖ చదివి నా మీద కోప్పడతారు కూడా. కోప్పడండి. మీకు అన్యాయం జరిగింది, చేసినవాడు ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నాడు, నేనేమో చట్టం వద్దంటున్నాను. అతని మీద ఇప్పుడున్న సెక్షన్ల కింద కేసు పెట్టాలని మీరు నిర్ణయించుకుంటే, లాయరు దగ్గరికి మీ వెంట నేనే వస్తాను. నా అభ్యంతరమంతా, మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి గురించి. ఆమె చేతికి ఇచ్చే చీటీ ఆమెకు మందు అందించే చీటీగానే ఉండాలి. ఆమె మీద కేసుకు ఆధారం కాకూడదు.

ఈ లేఖను మీ మండల సమాఖ్య సమావేశంలో చదివించండి. ఒప్పుకోని వాళ్లుంటే నన్ను పిలవండి, నేనెవరో మీ నాయకురాళ్లలో కొందరికి తెలుసు. వచ్చి అడిగిన ప్రతి దానికీ జవాబు చెబుతాను. ఆ రోజు మీ ఇళ్లలోని మగవాళ్లను కూడా వెంటబెట్టుకు రండి. పరీక్ష చేసేవాళ్లు కూడా ఆ రోజు అక్కడ ఉండేలా నేను ఇప్పటి నుంచే మాట్లాడి పెడతాను.

ఇట్లు,
మీ సోదరి,
ఐసీటీసీ మాజీ కౌన్సెలర్,
ప్రకాశం జిల్లా